పటం ఉంటే చాలదు, చెప్పేవాళ్లుండాలి: ఒక క్యాంపస్ గోడ కేస్ స్టడీ

నేను గోడల మీద బొమ్మలు వేస్తాను. ఉండేది హనుమకొండలో. బడి గోడలు, ఆస్పత్రి గోడలు, ఫ్లైఓవర్ స్తంభాలు, పదిహేనేళ్లుగా ఇదే పని. ఇక్కడ రాస్తున్నది ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో వేసిన ఒక్క గోడ గురించి. పొద్దున హనుమకొండలో బస్సెక్కితే పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు, అంత దూరం. అక్కడ జరిగిన పొరపాట్లు కూడా రాస్తున్నాను కాబట్టి క్యాంపస్ పేరు చెప్పడం లేదు. ఆ పొరపాట్లలో నావీ ఉన్నాయి.

పిలుపు

యూనివర్సిటీలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే నాక్ బృందం రావడానికి ఇంకా ఐదు వారాలుందనగా ఫోన్ వచ్చింది. లైబ్రరీ పక్కన 60 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తున్న గోడ. పడమటి ముఖం. లేడీస్ హాస్టల్ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి బస్టాపుకు పోయే దారి ఆ గోడ వెంటే సాగుతుంది. "కాకతీయ తోరణం, రుద్రమదేవి, రామప్ప నంది, కింద చదువు విలువ మీద ఒక మంచి మాట. నాలుగు వారాల్లో అయిపోవాలి మేడమ్" అన్నారు.

తోరణం మీద నాకు గౌరవం లేక కాదు. వరంగల్ కోటలో ఆ రాతి ద్వారాల కింద కూర్చునే నేను గీత నేర్చుకున్నాను. అయితే ఈ వైపు తోరణం లేని చోటేదీ? ఊరి కమాను మీద ఉంది, ఫ్లెక్సీల మీద ఉంది, పెళ్లి పందిరి గేటుకుంది, రాష్ట్ర చిహ్నంలోనూ ఉంది. రోజూ పది చోట్ల కనబడే బొమ్మను పదకొండో చోట ఎవరు ఆగి చూస్తారు?

రామప్పలో మదనికలను చెక్కినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 1213 నాటి గుడి అది. ఎర్ర ఇసుకరాతి గోడలు, చూరు కింద నుంచి బయటికి వంగిన నల్లరాతి ఆడవాళ్లు. గుడి చుట్టూ నడిచేవాళ్ల చూపు ఎక్కడికి లేస్తుందో లెక్క చూసుకుని పెట్టిన బొమ్మలవి. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక దగ్గర ఎప్పుడు చూసినా నలుగురు గుమిగూడి ఉంటారు. ఒకరు వేలు పెట్టి చూపిస్తారు, మిగతావాళ్లు "అవునే!" అంటారు. చూపించేవాళ్లు ఒకరుండాలి, చూసేవాళ్లు ఆగాలి. ఈ క్యాంపస్ గోడకు కావాల్సింది ఆ వేలే.

గోడ దగ్గర మూడు రోజులు

పని ఒప్పుకునే ముందు మూడు రోజులు గోడ ఎదుట చెట్టు కింద కూర్చున్నాను. ఇది నా అలవాటు. ఎవరు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, నీడ ఎప్పుడు ఎక్కడ పడుతుంది అన్నది చూడకుండా పెన్సిల్ పట్టను.

పొద్దున ఎనిమిదికే గోడ పక్కన బ్యాగుల వరస ఉండేది. గ్రూప్స్, డీఎస్సీకి చదువుకునే పిల్లలు లైబ్రరీ తెరవకముందే సీటు కోసం పెట్టిన బ్యాగులవి. మధ్యాహ్నం వాళ్లే బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడి టిఫిన్ బాక్సు తినేవారు. కూర్చోడానికి ఒక్క రాయి లేదు. ఒక అమ్మాయి మోకాలు మీద ఎకానమీ పుస్తకం, దాని మీద బాక్సు పెట్టి, ఒంటికాలి మీద నిలబడి అన్నం తిన్నది. దాన్ని నోట్‌బుక్‌లో గీసుకున్నాను. చివరికి గోడ మీదికెక్కిన మొదటి బొమ్మ అదే.

సాయంత్రం ఐదు తర్వాత ఎండంతా గోడ మీదే. బస్సు కోసం చూసేవాళ్లు ఎదుటి చెట్టు కిందికి పోయేవారు. అంటే గోడను పొద్దున దగ్గరగా చూస్తారు, సాయంత్రం దారి అవతలి నుంచి చూస్తారు. బొమ్మ రెండు దూరాలకూ పనికిరావాలి.

మూడో రోజు లప్పం పట్టీ తీసుకుని గోడను ఒక చోట గీకాను. పైన లేత పసుపు డిస్టెంపర్, దాని కింద సున్నం, సున్నం కింద ఎర్ర రంగులో సగం అక్షరం. ఇంకొంచెం గీకితే నీలం. ఒక విద్యార్థి సంఘం నినాదం మీద ఇంకో సంఘం నినాదం, వాటి మీద సున్నం, మళ్లీ నినాదం. ఒక పొరలో "జై తె" అని కనబడింది. ఎప్పటిదో చెప్పాల్సిన పని లేదు. ఈ గోడ చాలా ఏళ్లుగా మాట్లాడుతూనే ఉందని ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది. ఫోటో తీసుకున్నాను, బాగుందనుకున్నాను, అంతటితో వదిలేశాను. దాని ఫలితం కింద చెబుతాను.

చేర్యాల పటం నుంచి తెచ్చుకున్నది

గోడ పొడవుగా ఉంది, నడుస్తూ చూసేది. చేర్యాల పటం గుర్తొచ్చింది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, ఇంతకుముందు మా వరంగల్ జిల్లాదే. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రటి నేల మీద నకాశీలనే చిత్రకారులు వేసే పటం అది. పాత పటాలు 40 అడుగులకు పైగా ఉండేవి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పేవాళ్లు వేరే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. చాకలివాళ్లకు మడేలు పురాణం. పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, బొమ్మను చూపిస్తూ, పాడుతూ రాత్రంతా కథ నడుస్తుంది.

చేర్యాల పోయి నకాశీ పని చేసే ఒక పెద్దాయనను కలిశాను. గోడ కొలతలు చెప్పి, పది గడులుగా చేసి క్యాంపస్ జీవితం వేస్తానన్నాను. ఆయన నా స్కెచ్‌లు తిరగేసి, "బొమ్మలు మంచిగున్నయి. మరి చెప్పేటోళ్లెవరు?" అన్నాడు. గోడకు చెప్పేవాళ్లెందుకు, చూసుకుంటే తెలుస్తుంది కదా అన్నాను. "పటం దానంతట అది మాట్లాడదు బిడ్డా. చెప్పేటోడు లేకుంటే అది ఒట్టి బట్ట" అన్నాడు. ఆ మాట విన్నాను గానీ బుర్రకెక్కలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో విషయం ఎరుపు. పటానికి ఇంగిలీకం అనే ఎర్ర రంగు వాడేవారు, బట్ట ఇంట్లో చుట్టి ఉంటుంది కాబట్టి సరిపోయేది. పడమటి ఎండలో, వానలో జిగురు రంగులు నిలవవు. దుకాణంలో దొరికే మెరిసే ఎరుపులు చాలావరకు ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరుగుతాయి. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఎరుపు కలిపిన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తీసుకున్నాను. అది తుప్పు ఎరుపు, ఇటుక ఎరుపు. పటంలో ఉన్నంత మెరుపు ఉండదు, కానీ వెలవదు. పైగా మన నేల రంగుకు దగ్గర.

ఎవరి బొమ్మ, ఎవరి ఇష్టం

పది గడుల్లో ఏముండాలన్నది విద్యార్థులతో నాలుగు సాయంత్రాలు కూర్చుని తేల్చాం. ఒంటికాలి మీద అన్నం తినే అమ్మాయి. లైబ్రరీ ముందు బ్యాగుల వరస. హాల్ టికెట్ కోసం క్యూ. ఊరి నుంచి వచ్చిన తండ్రి హాస్టల్ గేటు దగ్గర పచ్చడి సీసా పట్టుకుని నిలబడటం. ఇట్లాంటివి. గొప్ప సంఘటనలేవీ లేవు.

ఒక గడిలో సఫాయి పని చేసే పెద్దామెను వేశాను. చీపురు పట్టుకుని వంగి ఊడుస్తున్నట్టు, వెనక ఎండుటాకులు. గీత బాగా కుదిరిందని నాకే ముచ్చటగా ఉండింది. ఆమె పొద్దున వచ్చి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత దగ్గరికొచ్చి, "నన్ను వంగబెట్టే గీస్తవా బిడ్డా? నేను గూసోనే గూసోనా?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, కంకరతో ఆరుబయట నిలబెట్టిన సంథాల్ గిరిజన కుటుంబం శిల్పాన్ని నేను చదువుకునే రోజుల్లో గంటల తరబడి చూశాను. పనికోసం సామాను మోసుకుని నడిచిపోయే వాళ్లను తలెత్తి చూసేలా చేశాడాయన. అది చూసి వచ్చి కూడా, గోడ మీద పనిచేసే మనిషి అనగానే నా చెయ్యి నడుము వంచేసింది. ఆ గడి మొత్తం చెరిపాను. ఆమె చెప్పినట్టే వేశాను: గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది, పక్కన మూత తీసిన స్టీలు డబ్బా, చీపురు గోడకు ఆనించి ఉంది. చీర రంగు కూడా ఆమే చెప్పింది, చిలకాకుపచ్చ. ఎర్ర నేల మీద ఆ ఆకుపచ్చ దారి అవతలి నుంచి కూడా ముందు కనబడుతుంది.

ఇంకో గడి మీద గొడవ జరిగింది. చదువు మధ్యలో ఆగిపోయి వెళ్లిపోయిన వాళ్ల గురించి ఒకటి ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. ఫీజు కట్టలేక, ఇంట్లో పెద్దదిక్కు పోయి, ఆడపిల్లలైతే పెళ్లి కుదిరి వెళ్లిపోయినవాళ్లు. నాక్ బృందం వస్తుంటే ఇదేంటి, నెగెటివ్‌గా ఉంటుంది అన్నారు పెద్దవాళ్లు. రెండు రోజులు మాటలు నడిచాయి. చివరికి రీడింగ్ రూమ్‌లో ఒక ఖాళీ కుర్చీ వేశాను. కుర్చీకి తగిలించిన బ్యాగు, బల్ల మీద సగం నీళ్లున్న సీసా. అంతే. పేరు లేదు, మాట లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

తప్పు

పని మొదలుపెట్టేటప్పుడే గోడకు చెమ్మ పరీక్ష చేశాను. అడుగు చదరం పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలేయాలి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే గోడలో నీళ్లున్నట్టే. కింది మూడడుగుల్లో ఎక్కడ అంటించినా చుక్కలు పడ్డాయి. పైన ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు పగిలి, నీళ్లు గోడ వెనక నుంచి పునాదిలోకి దిగుతున్నాయి. చెప్పాను. పైపు మారుస్తామన్నారు, ముందు పని కానివ్వమన్నారు. చేతిలో మూడు వారాలే ఉన్నాయి. నేను ఆగాల్సింది, ఆగలేదు. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎందుకంటే తెలియక చేసింది కాదు.

బృందం వచ్చింది, చూసింది, మెచ్చుకుంది, వెళ్లింది. పైపు మారలేదు. జూలై వానలకు కింది భాగం పొక్కింది. నీళ్లు గోడలోని ఉప్పును మోసుకుని పైకొస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలి గడ్డకట్టి రంగును వెనక నుంచి తోస్తుంది. ఎంత మంచి రంగైనా ఆగదు. ఆగస్టుకు బ్యాగుల వరస గడి కింద సగం తెల్లగా పొడి రాలిపోయింది.

అదే నెలలో ఫీజు బకాయిల మీద ఆందోళన మొదలైంది. ఒక రాత్రికి రాత్రి గోడ మీద నలభై పోస్టర్లు వెలిశాయి, పచ్చడి సీసా పట్టుకున్న తండ్రి ముఖం మీద కూడా. ఫోటోలు చూసి నాకు ఏడుపొచ్చింది. కోపంతో బస్సెక్కి పోయాను.

పోస్టర్లు అంటించిన పిల్లల్లో ఇద్దరు నాతో నాలుగు సాయంత్రాలు కూర్చున్నవాళ్లే. తల దించుకోలేదు. "అక్కా, బొమ్మ మీద కోపం లేదు. మా గోడ మీద మేం ఎక్కడ అంటించాలె మరి?" అన్నాడు ఒకడు. లప్పం పట్టీకి తగిలిన ఎర్ర అక్షరం అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లుగా వాళ్లు మాట్లాడుకునే చోటును నేను బొమ్మతో మూసేశాను, అదీ వాళ్ల గురించిన బొమ్మతోనే. వాళ్లు వాడిన జిగురు మైదాపిండి ఉడికించి కాచింది. తడి గుడ్డ పెట్టి నానబెట్టి పోస్టర్లు తీస్తుంటే, చేర్యాలలో చింతగింజల జిగురు కాస్తున్న పొయ్యి వాసన గుర్తొచ్చింది. పోస్టర్లు తీయడానికి ఆ ఇద్దరూ సాయం పట్టారు. రెండు రోజులు పట్టింది.

రెండోసారి

ఈసారి పైపు మార్చేదాకా కుంచె ముట్టనని చెప్పాను. డిసెంబరులో మార్చారు. కింది మూడడుగుల ప్లాస్టర్ మొత్తం కొట్టించి, ఎండాకాలం దాకా గోడను ఆరనిచ్చాం.

మెక్సికో నగరంలోని జాతీయ విశ్వవిద్యాలయం సెంట్రల్ లైబ్రరీకి 1950ల్లో చిత్రకారుడు హువాన్ ఓ గోర్మన్ చేసిన గోడలు తెలిసినవే. దేశంలో వేర్వేరు చోట్ల నుంచి రంగురాళ్లు ఏరి తెప్పించి, వాటితోనే బొమ్మంతా పరిచాడు. రంగు పూయలేదు కాబట్టి వెలిసేది లేదు, పొక్కేది లేదు. మనకు రాళ్లకు కరువా? కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. యూనిట్ల వెనక ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. టాన్ బ్రౌన్ అనే రకం గ్రానైట్ ముక్కలు ఎర్రగోధుమ రంగులో నా ఆక్సైడ్ ఎరుపుకు చెల్లెలిలా కలిసిపోయాయి. ట్రాక్టరు కిరాయి తప్ప ఖర్చు లేదు. కింది మూడడుగులు ఆ ముక్కలతో నేలా, గడ్డీ, చెప్పులూ, పుస్తకాల కట్టలూ పరిచాం. ఏ ముక్క ఎక్కడన్నది మేస్త్రీలతో పాటు పిల్లలూ పెట్టారు.

గోడ అడుగున వాన చినుకులు ఎగిరి తగలకుండా ఒక గట్టు కట్టాలనుకున్నాను. మేస్త్రి "ఎట్లాగూ కడుతున్నం గదా, కూసునేటట్టు కడుదాం" అన్నాడు. అట్లా 18 అంగుళాల ఎత్తు, అంతే వెడల్పున 52 అడుగుల అరుగు వచ్చింది. గోడకు దానికి మధ్య రెండు అంగుళాల సందు వదిలి, నీళ్లు పోవడానికి వాలు ఇచ్చాం. మిగతా 8 అడుగుల్లో, బస్టాపు వైపు కొసన, నల్ల పలక. పోస్టర్లకు, నోటీసులకు, నినాదాలకు. దాని మీద ఏముండాలో నేను చెప్పను, ఆఫీసు చెప్పదు అన్నది షరతు. ఆ షరతును కాగితం మీద పెట్టించడానికి బొమ్మకు పట్టినంత కాలం పట్టింది. లెక్కల్లో అరుగుకే బొమ్మ కంటే ఎక్కువైంది. మళ్లీ డబ్బులు తక్కువైతే ముందు అరుగు కడతాను, తర్వాత బొమ్మ.

అరుగు మీద

ఇప్పుడు రెండో ఏడు. పొద్దున బ్యాగుల వరస అరుగు మీదికెక్కింది. మధ్యాహ్నం బాక్సులు అక్కడే విప్పుతారు. ఒంటికాలి అమ్మాయి బొమ్మ కింద కూర్చుని తినడానికి పోటీ అని చెప్పారు.

సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, ఆడిటోరియంలో సభ అయ్యాక కొందరు పిల్లలు అరుగెక్కి తమ యాసలో తాము రాసుకున్న కవితలు చదివారు. ఎవరూ ఏర్పాటు చేయలేదు. దసరా సెలవులకు ముందు హాస్టల్ అమ్మాయిలు బతుకమ్మలు పేర్చి ఆ అరుగు మీద వరసగా పెట్టారు. తంగేడు పసుపు, గునుగు తెలుపు, వెనక ఇటుక ఎరుపు. నేను పదిహేనేళ్లలో కలిపిన ఏ రంగూ అంత బాగా కుదరలేదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మకు నా చిన్నప్పటి నుంచీ పోతున్నాను, అయినా ఒక గోడ కోసం పూలు పేర్చినట్టు అనిపించింది ఇక్కడే.

పోస్టర్లు చాలావరకు నల్ల పలక మీదే ఉంటున్నాయి. ఒకట్రెండు సార్లు బొమ్మ మీదికొస్తే, తీసేయమని పక్క సంఘం పిల్లలే చెప్పారట. ఎవరో క్యూ గడిలో మేకుతో ఇనిషియల్స్ గీకారు. దాన్ని పూడ్చలేదు. ఆ క్యూలో వాళ్లూ నిలబడ్డారు కాబోలు.

ఖాళీ కుర్చీ ముందు ఒకసారి నేను అరగంట కూర్చున్నాను, నేనెవరో తెలియని పిల్లల మధ్య. కొత్తగా చేరిన అబ్బాయి "ఈ కుర్చీల ఎవలు లేరేందన్నా?" అని అడిగాడు. సీనియర్ తన రూమ్మేట్ గురించి చెప్పాడు. ఆటో నడుపుతున్నాడిప్పుడు, లెక్కల్లో క్లాసుకే ఫస్టు ఉండేవాడు. చెబుతూ వేలు పెట్టి ఆ బ్యాగు చూపించాడు, "గట్లాంటిదే వాని బ్యాగు". కాసేపటికి వాళ్లు లేచి వెళ్లారు. ఇద్దరమ్మాయిలొచ్చారు. వాళ్లూ ఆ కుర్చీ గురించే మాట్లాడుకున్నారు. వాళ్ల కుర్చీలో ఉన్నది వేరే మనిషి, పెళ్లయి బొంబాయి పోయిన అమ్మాయి. చేర్యాల పెద్దాయనకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. "ఇగ నీది పటం అయింది" అన్నాడు.

సఫాయి పెద్దామె పోయిన మార్చిలో పని మానేసింది. వెళ్లేముందు మనవరాలిని తీసుకొచ్చి చూపించిందని, చీర రంగు ఆమే చెప్పిందని ఇప్పుడు వచ్చే కొత్తామె నాకు చెప్పింది. నాకు తెలియనట్టే విన్నాను.

రెండోసారి వేసినప్పుడు పదకొండో గడి ఒకటి ఖాళీగా వదిలాం, ప్రైమర్ కొట్టి, అంచు మాత్రం పూలతో వేసి. ప్రతి ఏడూ చివరి బ్యాచ్ వాళ్లు అందులో తమది వేయాలి, వచ్చే ఏడు దాని మీద సున్నం వేసి మళ్లీ కొత్తది. మొదటి ఏడు వాళ్లు వాయిదా పడ్డ పరీక్ష వేశారు. ఈ ఏడు ఇంకా తేలలేదు. ఒక జట్టు మెస్సు అంటోంది, ఇంకో జట్టు రాత్రి పదింటికి పోయే ఆఖరి బస్సు అంటోంది. శనివారం అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటారట, నన్ను రమ్మన్నారు. రెండు కిలోల లప్పం, నాలుగు ఎమరీ పేపర్లు తెమ్మన్నారు. ఎవరి మాట నెగ్గినా గోడ మాత్రం ముందు నునుపు చేయాలి.